గ్రాఫులో మన ఊళ్లకు రంగు వేసేముందు

ఊరిపేరు, ఆ ఊళ్లో వాడే మాట. ఇట్లా పట్టిక రాసుకుంటూ పోతే వంద వరుసలు దాటేసరికి కంటికి ఏమీ ఆనదు. అప్పుడు పనికొచ్చేది నెట్‌వర్క్ గ్రాఫు. ఊరొక చుక్క, మాటొక చుక్క. ఆ ఊళ్లో ఆ మాట ఉంటే రెంటికీ నడుమ ఒక గీత. చుక్కను నోడ్ అంటారు, గీతను ఎడ్జ్ అంటారు. పైథాన్ కాస్త వచ్చినవాళ్లకు నెట్‌వర్క్‌ఎక్స్ లైబ్రరీతో ఇది పెద్ద పనేం కాదు.

మనందరి ఇళ్లలో ఉండే సరుకే తీసుకుందాం. హైదరాబాదులో పల్లీలు, కర్నూలు వైపు బుడ్డలు, చిత్తూరు వైపు చెనిక్కాయలు, పుస్తకంలో వేరుశనగ. మన చుట్టూ వినబడే పేర్లు ఇంకో వరుస: కన్నడంలో కడ్లేకాయి, తమిళంలో వేర్కడలై, మరాఠీలో శేంగదాణా, ఒడియాలో చినాబాదాం. ఇవి మాటల చుక్కలు. హోసూరు, బళ్లారి, సోలాపూర్, బరంపురం, యానాం, వాటితోపాటు హైదరాబాదు, కర్నూలు, చిత్తూరు ఊళ్ల చుక్కలు. మీ ఇంట్లో ఏ మాట అంటారో ఆ మాటకు గీత గీయండి. రెండు మాటలుంటే రెండు గీతలు.

గీయమని చెప్పగానే చుక్కలన్నీ ఒకే నీలం రంగులో, ఒకే సైజులో వచ్చి పడతాయి. కావలసినవాటిని పైకి తేవడానికి రెండు దారులున్నాయి. ఒకటి, ప్రతి నోడ్‌కూ ఒక రంగు చొప్పున జాబితా ఇవ్వడం: ఎంపికలో ఉంటే ఎరుపు, లేకుంటే బూడిద. ఇందులో ఒక చిక్కుంది. రంగుల వరుస గ్రాఫులో నోడ్లు ఉన్న వరుసతో సరిపోవాలి. విడిగా కూర్చుని రాసుకున్న జాబితా అయితే ఎక్కడో ఒకచోట తప్పుతుంది, హోసూరు రంగు బళ్లారికి పోతుంది, ప్రోగ్రాం కిక్కురుమనదు. కాబట్టి గ్రాఫులోని నోడ్ల మీదే లూప్ తిప్పి జాబితా తయారు చేయించండి.

నాకు నచ్చేది రెండో దారి, పొరలుగా గీయడం. ముందు గీతలన్నీ, చుక్కలన్నీ లేత బూడిద రంగులో. దానిమీద ఎంచుకున్న చుక్కలు మాత్రమే ముదురు రంగులో, కాస్త పెద్దగా, నల్ల అంచుతో. తర్వాత వాటి గీతలు మందంగా. పేర్లు కూడా వాటికే. రంగొక్కటే మార్చి ఊరుకోవద్దు. ఎరుపుకూ పచ్చకూ తేడా తెలియని కళ్లు మనలోనూ ఉంటాయి, సైజూ అంచూ అందుకే. మిగతావాటిని తీసేయాలనీ అనిపిస్తుంది, తీసేయొద్దు. వెనక బూడిద చుక్కలుంటేనే ముందున్నది ఎంత కొంచెమో, ఎంత ఎక్కువో తెలుస్తుంది.

పొరలు కుదరాలంటే స్థానాలు మారకూడదు. స్ప్రింగ్ లేఅవుట్ మొదలుపెట్టేది చుక్కలను ఎట్లాగంటే అట్లా చల్లి. ప్రతిసారీ కొత్త బొమ్మ వస్తుంది. ఒక్కసారి లెక్క కట్టించి, ఆ స్థానాలను ఒక పేరుతో దాచుకుని, అన్ని పొరలకూ అవే ఇవ్వండి. సీడ్ అంకె కూడా ఇస్తే రేపు మళ్లీ నడిపినా అదే బొమ్మ. ఇంకోమాట: ఈ బొమ్మలో దగ్గర అంటే మాటల్లో దగ్గర, మైళ్లలో కాదు.

పేర్లు తెలుగులో పెడితే మ్యాట్‌ప్లాట్‌లిబ్ మామూలు ఫాంటులో అక్షరాల బదులు ఖాళీ పెట్టెలు వస్తాయి. తెలుగు ఫాంటు ఇచ్చినా ఒత్తులు, గుణింతాలు విడిపోవచ్చు. పైవిస్‌తో బ్రౌజర్‌లో తెరిస్తే ఆ బాధ తప్పుతుంది, అక్షరాలను బ్రౌజరే కూర్చుకుంటుంది. పైగా అందులో పొరుగును వెలిగించే సదుపాయం ఉంది. ఒక చుక్క మీద నొక్కితే దానికి కలిసినవే రంగులో మిగులుతాయి.

ఇక అసలు సంగతి, దేన్ని ఎంచుకోవాలి? చేతికి వచ్చే మొదటి ఆలోచన రాష్ట్రం. తెలుగు రాష్ట్రాల బయటి ఊళ్లన్నిటికీ ఎరుపు. అప్పుడు యానాం కూడా ఎర్రబడుతుంది. పాలన పుదుచ్చేరిది, 1954 దాకా ఫ్రెంచివాళ్లది, నిజమే. కానీ ఊరున్నది గౌతమి ఒడ్డున, చుట్టూ గోదావరి జిల్లాల పల్లెలే. బరంపురం 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో, నాందేడ్ 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉన్నాయి. వీటినీ, మగ్గం పని వెతుక్కుంటూ తెలంగాణ నుంచి పోయినవాళ్లు స్థిరపడిన సోలాపూర్‌నూ ఒకే రంగులో ముంచితే, ‘బయటి తెలుగు’ అనే ఒక ముద్ద తయారవుతుంది. మనవాళ్లది కలగాపులగం భాష అని ఎగతాళి చేసేవాళ్లకు ఆ బొమ్మ ఒక్కటి చాలు.

రాష్ట్రాన్ని వదిలి మాటను ఎంచుకోండి. పల్లీలు అనే నోడ్‌ను పట్టుకుని దాని పొరుగు నోడ్లను అడిగితే నెట్‌వర్క్‌ఎక్స్ ఇచ్చేస్తుంది. వాటికి రంగు వేయండి. తర్వాత చెనిక్కాయలు, ఆ తర్వాత కడ్లేకాయి. సోలాపూర్‌లో ఒక ఇంటి గీత శేంగదాణాకూ పల్లీలకూ రెంటికీ పోతే, అది కలగాపులగం కాదు. రెండు దారులు తెలిసిన ఇల్లు. హోసూరు గీత చిత్తూరు మాటకు పోతుందా, కన్నడ మాటకా, తమిళ మాటకా అన్నది అక్కడివాళ్లు చెప్పాలి. వీలైతే ఊరికి బదులు ఇంటినే నోడ్ చేయండి, ఒకే వీధిలో రెండిళ్లు రెండు మాటలు అనడం మనకు తెలియనిది కాదు.

రాష్ట్రం రంగు బొమ్మ ఒకటి, మాట రంగు బొమ్మ ఒకటి, ఒకే స్థానాలతో గీసి పక్కపక్కన పెట్టండి. ఏ లెక్కన రంగు వేశారో రెంటికిందా ఒక్క వాక్యం రాయండి.