తలకు రక్ష: వైమానికుడు నేర్పిన పాఠము

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు 65వ నంబరు జాతీయ రహదారి నగరమును విడుచుటకు ముందు దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్.బి. నగర్‌ల మీదుగా సాగును. పైన మెట్రో రైలు. క్రింద సిటీ బస్సులు, దూరపు ఊళ్లకు పోవు బస్సులు, ఆటోలు. వాటి సందులలో లెక్కకు మిక్కిలి స్కూటర్లు, మోటారు సైకిళ్లు. కోచింగు కేంద్రములకు పోవు విద్యార్థులు, ఉద్యోగస్థులు, సరకులు చేరవేయువారు, అందరికిని ద్విచక్ర వాహనమే ఆధారము. అందుచేత ఇట్టి రహదారుల ప్రక్కన హెల్మెట్లు అమ్ముట కూడ ఒక వ్యాపారమైనది.

హెల్మెట్ కొనువాడు సాధారణముగా మూడు ప్రశ్నలు వేయును. ధర యెంత? రంగు బాగున్నదా? పోలీసువారు ఒప్పుకొందురా? “క్రింద పడినప్పుడు ఇది నా తలను కాపాడునా?” అను నాలుగవ ప్రశ్న తరచుగా మరుగున పడిపోవును. దానికి కారణము లేకపోలేదు. చెప్పులు కొన్నచో నాలుగు దినములలో వాటి సంగతి తెలిసిపోవును. బియ్యము కొన్నచో ఒక్క పూట వండిన చాలును. హెల్మెట్ సంగతి తెలియునది మాత్రము ప్రమాదము జరిగిన క్షణముననే. అది తెలిసిన పిమ్మట మార్చుకొనుటకు వ్యవధి ఉండదు. వాడి చూడకుండగనే వస్తువు మంచి చెడ్డలు నిర్ణయించుట ఎట్లు? ఈ చిక్కును చిరకాలముగా ఎదుర్కొనుచున్నవారు విమానచోదకులు. వారి పద్ధతిని చూచినచో మనకు దారి దొరకును.

వైమానికుని నాలుగు ప్రశ్నలు

చిన్న విమానము నడుపు పైలట్ తనవెంట పెక్కు రక్షణ సాధనములను ఉంచుకొనును. నీటిపై తేలు లైఫ్ జాకెట్, మంటలార్పు సాధనము, విషవాయువును కనిపెట్టు పరికరము, కూలినచోటు తెలుపు రేడియో. ఏ సాధనము కొనినను అతడు నాలుగు విషయములు విచారించును. ఇది ఏ అపాయము కొరకు? దీనిని ఎవరు, ఏ ప్రమాణము ననుసరించి పరీక్షించిరి? ఇది చెడినచో నాకు తెలియుట ఎట్లు? దీని ఆయువు ఎప్పుడు తీరును?

ఒక ఉదాహరణము చూతము. పిస్టన్ ఇంజను గల చిన్న విమానములలో పొగగొట్టపు వేడితో లోపలి గాలిని వెచ్చజేయుదురు. ఆ గొట్టము బీటవారినచో కార్బన్ మోనాక్సైడ్ లోనికి వచ్చును. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హీమోగ్లోబిన్‌తో అది ఆక్సిజన్ కంటె 200 రెట్లకు మించిన బలముతో కలియును. 2019 జనవరిలో ఫుట్‌బాల్ క్రీడాకారుడు ఎమిలియానో సాలా ప్రయాణించుచున్న విమానము ఇంగ్లీషు ఛానెల్‌లో కూలినది. అతని హీమోగ్లోబిన్‌లో 58 శాతము ఈ వాయువుతో కలిసియున్నట్లు పరీక్షలో తేలినది.

ఈ వాయువును కనిపెట్టుటకు రెండు విధముల సాధనములు గలవు. మొదటిది రంగు మారు చుక్క గల చిన్న అట్ట. చాల చవుక. కాని ఆ చుక్క నల్లబడినదని పైలట్ తానే చూడవలెను. ఈ విషవాయువు మొట్టమొదట మందగింపజేయునది చూపును, ఆలోచననే! పైగా పొట్లము విప్పిన కొద్ది నెలలకే ఆ అట్ట పని చేయుట మానును. రెండవది విద్యుత్పరికరము. అది బిగ్గరగా మోగి, వాయువు పాలెంతో అంకెలలో చూపును. ధర ఎక్కువ; బ్యాటరీని, లోపలి సెన్సారు గడువును కనిపెట్టుచుండవలెను. “ఇది చెడినచో, ఇది హెచ్చరించినచో, నాకు తెలియుట ఎట్లు?” అను ప్రశ్న వేసినవానికే వీని తేడా బోధపడును.

కొనిన తరువాత కూడ విచారణ ముగియదు. కూలిన విమానపు జాడ తెలుపు రేడియోల సంగతి చూడుడు. పూర్వము ఇవి 121.5 మెగాహెర్ట్జ్‌పై పిలుచుచుండెడివి. 2009 ఫిబ్రవరి 1 నుండి ఉపగ్రహములు ఆ పిలుపును ఆలకించుట మాని, 406 మెగాహెర్ట్జ్ పిలుపునే గైకొనుచున్నవి. పాత పరికరములలో లోపమేమియు లేదు. కాని వాని పిలుపు ఉపగ్రహమునకు చేరుట మానినది. కాబట్టి రక్షణ సాధనమును కొనుట ఒకనాటి పని కాదనియు, కనిపెట్టుచుండుట నిత్యకృత్యమనియు వైమానికుడు ఎరుగును. తేదీలు చూచును, మీటలు నొక్కి చూచును, మంటలార్పు సాధనపు ముల్లు పచ్చని గీతలో ఉన్నదా అని ప్రతి ప్రయాణమునకు ముందు పరీక్షించును.

హెల్మెట్ పుట్టుపూర్వోత్తరములు

ద్విచక్ర వాహనపు హెల్మెట్‌కును ఆకాశయానమునకును దగ్గరి చుట్టరికము కలదు. 1935 మే నెలలో ‘అరేబియా లారెన్సు’గా పేరొందిన టి.ఇ. లారెన్సు మోటారు సైకిలు ప్రమాదమున తలకు దెబ్బతగిలి మరణించెను. అతనికి చికిత్స చేసినవారిలో మెదడు శస్త్రవైద్యుడు హ్యూ కెయిర్న్స్ ఒకరు. ఆ మరణము ఆయనను ఆలోచింపజేసెను. సైనిక మోటారు సైకిలు చోదకుల తల గాయములను పరిశీలించి 1941లో ఆయన వ్యాసము ప్రకటించెను. ఆ సంవత్సరము నవంబరులోనే బ్రిటిష్ సైన్యము తన చోదకులకు హెల్మెట్‌ను విధిగా చేసినది. అటుపిమ్మట అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు లాంబార్డ్, వైమానికుల తల రక్షణపై జరిగిన పరిశోధనల నుండి, లోపల నలిగిపోవు పొర గల హెల్మెట్‌ను రూపొందించెను; దాని పేటెంటు 1953 నాటిది. నేటి హెల్మెట్లన్నిటికిని మూలసూత్రము అదియే.

నలుగుటయే రక్షణ

గట్టి వస్తువే తలను కాపాడునని పెక్కుమంది భావింతురు. పైడిప్ప గట్టిగా ఉండవలసినదే. అది దెబ్బను విశాలముగా పరచును, మొనదేలిన రాళ్లను ఆపును. కాని ప్రాణము నిలుపునది లోపలి తెల్లని థర్మోకోల్ పొర. దానిలో ఎక్కువ భాగము గాలియే.

చిన్న లెక్క చేయుదము. స్కూటరుపై కూర్చున్నవాని తల నేలనుండి 1.5 మీటర్ల ఎత్తున ఉన్నదనుకొందము. అచ్చటినుండి పడిన తల సుమారు సెకండుకు 5.4 మీటర్ల, అనగా గంటకు 19 లేక 20 కి.మీ. వేగముతో నేలను తాకును. వాహనము నిలిచియున్నను ఈ వేగము తప్పదు. ఇక ఆ వేగము ఎంత దూరములో ఆగిపోవుననునదే ముఖ్యము. పదవ తరగతి సూత్రములతోనే ఇట్లు తేలును: ఆగునప్పటి సగటు ఋణత్వరణము గురుత్వ త్వరణమునకు ఎన్ని రెట్లో తెలియవలెనన్న, పడిన ఎత్తును ఆగిన దూరముచే భాగించిన చాలును.

హెల్మెట్ లేనిచో తలచర్మము 3 మి.మీ. మాత్రము అణగినదనుకొనిన, 1500ను 3చే భాగింపగా 500 రెట్లు. థర్మోకోల్ 25 మి.మీ. నలిగినచో 1500ను 25చే భాగింపగా 60 రెట్లు! ఇవి సగటులు, శిఖరవిలువలు ఇంతకన్న హెచ్చుగ నుండును. ఐనను భేదము స్పష్టము. లోపల పలుచని స్పాంజి మాత్రమే ఉన్న టోపీ ఏల పనికిరాదో ఈ భాగహారమే చెప్పుచున్నది.

పలు పరిశోధనలను క్రోడీకరించి 2008లో వెలువడిన కోక్రేన్ సమీక్ష ప్రకారము, హెల్మెట్ మోటారు సైకిలు ప్రమాదములలో మరణమును సుమారు 42 శాతము, తల గాయములను 69 శాతము తగ్గించును.

కొనుటకు ముందు

ఇప్పుడు వైమానికుని ప్రశ్నలను దిల్‌సుఖ్‌నగర్ దుకాణములో వేయుదము.

ఏ అపాయము కొరకు? కట్టడపు పనివారి పసుపుపచ్చ టోపీ పైనుండి పడు వస్తువుల కొరకు చేసినది. దానికి వేరు ప్రమాణము కలదు. వాహనమునకు అది చాలదు.

ఎవరు పరీక్షించిరి? భారతీయ ప్రమాణముల సంస్థ నియమము ఐ.ఎస్. 4151. 2021 జూన్ 1 నుండి ఐ.ఎస్.ఐ. ముద్ర లేని ద్విచక్ర వాహన హెల్మెట్ తయారు చేయుట, అమ్ముట నిషిద్ధము. ఐతే ముద్రను అచ్చువేయుట దొంగ తయారీదారునకు కష్టము కాదు. ముద్రపై ప్రమాణపు సంఖ్య, క్రింద ‘సి.ఎం./ఎల్.’తో మొదలగు లైసెన్సు సంఖ్య ఉండవలెను. ఆ సంఖ్యను ‘బి.ఐ.ఎస్. కేర్’ యాప్‌లో వేసి చూచినచో తయారీదారు పేరు, లైసెన్సు స్థితి తెలియును. ఇందుకు రెండు నిమిషములు పట్టును.

తలకు సరిపోయినదా? పట్టీ బిగించి, తల వంచి, వెనుక అంచును పట్టి ముందునకు దొర్లించి చూడవలెను. ఊడి వచ్చినచో అది ప్రమాదములోను ఊడును. అన్నకు సరిపోయినది తమ్మునికి సరిపోదు. వెనుక కూర్చుండువారికిని ప్రత్యేకముగా కొనవలెను. మోటారు వాహనముల చట్టపు 129వ సెక్షను నాలుగేండ్లు దాటినవారందరికిని దీనిని విధించినది.

కొనిన తరువాత

థర్మోకోల్ ఒకసారి నలిగినచో మరల మునుపటివలె లేవదు. కాబట్టి ప్రమాదములో దెబ్బ తినిన హెల్మెట్, పైకి చెక్కుచెదరకున్నను, పనికిరాదు. దానిని మరియొకరికి ఇచ్చుట కూడ తగదు. పెట్రోలు, పెయింటు థిన్నర్ లోపలి పొరను కరగించును. హెల్మెట్‌ను అద్దమునకు తగిలించినచో ఆ కొస లోపల గుంట పెట్టును. పట్టీ నూలు లేచినదా, బకిలు ‘టక్’మని పట్టుచున్నదా, ఎదుటి అద్దము గీతలు పడి రాత్రి దీపకాంతిని చెదరగొట్టుచున్నదా, ఇవి నెలకొకమారు చూడవలసినవి. ప్రమాదము జరుగకున్నను ఐదేండ్లకు మార్చుట మేలని నిపుణుల సలహా. పట్టీ బిగించని హెల్మెట్, మోచేతికి తగిలించుకొనిన హెల్మెట్, కొననిదానితో సమానము.

తరగతిలో ఒక ప్రయోగము

ఉపాధ్యాయులు దళసరి థర్మోకోల్ పలకపై చిన్న ఇనుప గుండును 50 సెం.మీ. ఎత్తునుండి వదలింపవచ్చును. ఏర్పడిన గుంట లోతును స్కేలుతో కొలిచి, పడిన ఎత్తును ఆ లోతుచే భాగింపజేయుడు. థర్మోకోల్ కొంచెము తిరిగి లేచును గనుక ఇది ఉజ్జాయింపు లెక్క. పిమ్మట అదే గుంటలో గుండును మరల వదలి, లోతు ఈసారి ఎంత పెరిగినదో చూడుడు. ఒకసారి దెబ్బ తినిన హెల్మెట్‌ను ఏల పారవేయవలెనో విద్యార్థులకు వేరుగ చెప్పనక్కరలేదు. ఆ సాయంకాలమే వారు ఇంటికి పోయి తండ్రి హెల్మెట్‌ను తిరగవేసి, లోపల థర్మోకోల్ ఉన్నదా, స్పాంజియేనా అని చూతురు.