పెరట్లో కొంచెం మట్టి మిగిలిస్తే

బతుకమ్మకు నాలుగు రోజుల ముందు సిరిసిల్ల బజారుకు వెళ్లి చూడండి. గునుగు కట్టలు, తంగేడు కొమ్మలు కుప్పలు పోసి అమ్ముతుంటారు. కొనేది పట్నంవాళ్లేనా అంటే, మా కోనరావుపేట వైపు నుంచి వెళ్లిన ఆడవాళ్లూ బేరమాడుతూ కనబడతారు. మా చిన్నప్పుడు ఈ పువ్వులకు పైసలిస్తామంటే నవ్వేవాళ్లు. తెల్లారగట్ల సంచి పట్టుకుని చేన్ల వెంట పోతే సాలు, దోసెళ్లకొద్దీ దొరికేవి.

గునుగు మక్కచేన్లలో, పత్తిచేన్లలో తనంతట తానే మొలిచే కలుపు. కలుపుమందు కొడితే అది బతకదు. తంగేడు ఉండేది గట్ల మీద, బీళ్లలో. గట్లు సన్నబడ్డాయి, బీళ్లు ప్లాట్లయ్యాయి. దీనికి రైతును ఏమనగలం? కూలీలు దొరకని రోజుల్లో, పండక్కి పువ్వు కావాలి మందు కొట్టకండి అంటే ఎవరు వింటారు? 2014లో తంగేడును తెలంగాణ రాష్ట్ర పుష్పంగా ప్రకటించారు. సంతోషమే. కానీ అది పూయడానికి ఇంత చోటుండాలి కదా!

ఆ చోటు గురించి ఆలోచించాల్సిన అవసరం నాకు మా ఇంట్లోనే వచ్చింది. ఆమధ్య ఇల్లు రిపేరు పెట్టుకున్నప్పుడు పెరడంతా సిమెంటు చేయిద్దామన్నారు మావారు. అత్తమ్మదీ అదే మాట.

"బురదల జారి పడితే నన్నెవరు లేవట్టాలె బిడ్డా? పురుగూ పుట్రా రావట్టె. ఆకులు ఊడ్వలేక నడుములు పోతున్నయి" అంది.

అందులో అబద్ధమేం లేదు. మోకాళ్ల నొప్పులతో తిప్పలు పడే మనిషి ముందు పచ్చదనం మీద ఉపన్యాసం ఇవ్వడం నాకు చేతకాదు. అలాగని మట్టి కనబడని పెరడును ఊహించుకోవడమూ చేతకాలేదు. "ఇంకొన్ని రోజులు ఆగుదాం" అని మాత్రం అన్నాను.

ఆ ఏడాదే మా చెల్లెకు కాన్పయింది. వాళ్లుండేది హైదరాబాదు కొండాపూర్‌లో. రెండు మూడు నెలలకోసారి నేను బస్సెక్కాల్సి వచ్చేది. అక్కడికి దగ్గర్లోనే కొత్తగూడలో బొటానికల్ గార్డెన్ ఉంది. కోట్ల విజయభాస్కరరెడ్డి పేరు మీద ఉన్న తోట, 274 ఎకరాలు. చుట్టూ అద్దాల మేడలు, పక్కనే ఫ్లైఓవరు. లోపలికి నాలుగడుగులు వేస్తే ఆ గోల దూరమైపోతుంది. పాప పడుకున్నాక ఓ గంట అక్కడ తిరిగి రావడం అలవాటైంది.

తోట అంటే ఎప్పుడు చూసినా పూలతో కళకళలాడుతుందని అనుకుంటాం. నేను సంక్రాంతికి వెళ్లినప్పుడు గడ్డి ఎండి, రాళ్లగుట్టలు బయటపడి, టేకాకులు కాళ్ల కింద గలగలమంటున్నాయి. హోళీ నాటికి మోదుగ మండిపోతోంది, కొమ్మకు ఒక్క ఆకు లేదు. మే నెలలో మనుషులం నీడకు పరుగెత్తుతుంటే రేల చెట్టు మాత్రం పసుపుపచ్చ గుత్తులు వేలాడేసుకుని నిలబడింది. వానలు పడ్డాక టేకు చెట్ల తలల మీద తెల్లటి పూత. అంత పెద్ద ఆకుకు అంత చిన్న పువ్వా అని చాలాసేపు చూశాను. దసరా ముందు వెళ్తే, రాళ్ల సందున తంగేడు! ఎవరు నీళ్లు పోశారని? మా ఊరి గట్టు మీది చుట్టాన్ని చూసినట్టే అనిపించింది.

పనిలో పనిగా ఒక ముచ్చట. ఇలాంటి తోటలు మొదట్లో షికారు కోసం పుట్టలేదు. ఇటలీలోని పాడువాలో 1545లో విశ్వవిద్యాలయంవాళ్లు తోట వేసింది వైద్యం చదివే పిల్లలకు మందుమొక్కలు చూపించడానికే. మన అమ్మమ్మల పెరడు మాత్రం వేరే ఏమిటి? తులసి, వావిలి, నల్లేరు, కలబంద... దగ్గొస్తే, కాలు బెణికితే ముందు అటే నడిచేవాళ్లం.

సరే, మా పెరటి సంగతి. ఆ తోటలో నా కళ్లు నడిచే బాట మీద పడ్డాయి. కాలు పెట్టే చోట గట్టి బాట. మిగతాదంతా మట్టి, ఆకు, గడ్డి. వాన వెలిసిన మర్నాడు పెద్దవాళ్లు చేతికర్రలతో హాయిగా నడుస్తున్నారు. ఎవరి దారి వాళ్లది, చెట్ల దారి చెట్లది. తిరిగి రాగానే చాక్‌పీసు తీసుకుని అత్తమ్మ రోజూ ఎక్కడెక్కడ నడుస్తుందో గీసి చూపించాను. వంటింటి గడప నుంచి నల్లా దాకా, అక్కణ్నుంచి స్నానాలగది దాకా, బట్టల బండ చుట్టూ. అంతమేరకే సిమెంటు, అదీ జారకుండా గరుకుగా. గోడ పొడవునా మూడడుగుల వెడల్పు మన్ను వదిలేశాం. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు అటే పోతాయి. మేస్త్రీ మాత్రం "గింత సందు ఎందుకమ్మా, అంతా ఒకటే తీరుగ పోస్తే మంచిగుంటది గదా" అని చివరిదాకా గొణిగాడు. ఖర్చూ తగ్గిందని మావారు గొణగలేదు.

మిరుగు వానలకు గునుగు చల్లాను. నల్లగా ఆవాలకంటే చిన్న గింజలు. లోతుగా వేస్తే రావు, మట్టి మీద చల్లి చేత్తో నిమిరితే చాలు. లేతాకు కూర వండుకోవచ్చు. తంగేడు గింజకు పెంకు గట్టి. బండ మీద కాస్త గీకి, ఒక రాత్రి నానబెట్టి, ఉండాల్సిన చోటే నాటాలి. దాని తల్లివేరు లోతుకు పోతుంది, పెరిగాక పీకి వేరే చోట పెడితే నిలవడం కష్టం. ఎండ తగిలే మూల ఇస్తే ఇంకేం అడగదు. బంతి, చిక్కుడు, పుంటికూర ఎలాగూ ఉన్నాయి. చలికాలం చేమంతి కుండీలు సిమెంటు మీదికి వస్తాయి. కుండీల్లోనే అన్నీ పెంచొచ్చుగా అనేవాళ్లున్నారు. పెంచొచ్చు. కానీ మన ఎండల్లో రెండు రోజులు ఊరెళ్లొస్తే కుండీ మొక్క తల వాలుస్తుంది, నేలలో ఉన్నది ఓర్చుకుంటుంది.

పోయిన బతుకమ్మకు మా పెరటి గునుగు రెండు వరుసలకు సరిపోయింది. మిగతాది బజారులోనే కొన్నాం. తంగేడు ఇంకా మోకాలెత్తే ఉంది, పూయలేదు. పండగ వెళ్లాక అత్తమ్మ కుర్చీ గట్టు మీద వేయించుకుని, ఎండిన గునుగు కంకుల్ని చేటలో నులిమి గింజలు తీసింది. వాడకట్టు ఆడవాళ్లు నలుగురైదుగురు అడిగి తీసుకుపోయారు. పక్కింటామె కొంగుకు ముడేసుకుంటుంటే అత్తమ్మ, "మీ ఇంటెనక అంతా సిమెంటే గదనే, ఏడ సల్లుతవు?" అంది.

ఆమె కాసేపు ఆలోచించి, "జాలారి పక్కన రెండు బండలు లేపిస్త పెద్దమ్మా" అంది.