బాదం నూనె: సీసా వెనక్కి తిప్పి చదివాకే వాడదాం

అత్తిబెలెలో తరాలుగా ఉంటున్న మన తెలుగు ఇళ్లలో చలికాలం వస్తే నూనె మాట రాక తప్పదు. కార్తీకం దాటేసరికి పెదవులు పగులుతాయి, పిల్లల బుగ్గలు పొట్టు లేస్తాయి. కిందటి సంక్రాంతికి ముందు మా సంఘం సమావేశానికి ఒక అవ్వ, ఆమె కోడలు ఒక సీసా పట్టుకొచ్చారు. "బాదం నూనె అని ఇంత డబ్బు పోసి కొన్నాం. జలుబు చేసిన మనవడి ముక్కులో రెండు చుక్కలు వేస్తానంటే కోడలు వద్దంటుంది. మీరే చెప్పండి" అంది అవ్వ.

మేము వైద్యులం కాము. ఉద్యోగమంతా ఆఫీసు కాగితాల్లో చిన్న అక్షరాలు చదివినవాళ్లం. ఆ అలవాటుతోనే సీసా వెనక్కి తిప్పి చదివాం. పట్టికలో మొదటి పేరు లైట్ లిక్విడ్ పారఫిన్. అంటే పెట్రోలియం నుంచి తీసిన నూనె. బాదం నూనె పేరు చివరెక్కడో ఉంది. ఆ రోజు అనుకున్న సంగతులు అందరికీ పనికొస్తాయని ఇక్కడ రాస్తున్నాం.

ముందు ఏ బాదమో తేల్చుకోవాలి. బడి ఆవరణల్లో గొడుగులా పరుచుకుని, ఆకులు ఎర్రబడి రాలే చెట్టును మనం బాదం చెట్టు అంటాం. చిన్నప్పుడు దాని కాయలు రాయితో కొట్టి పప్పు తిననివారు లేరు. అది నాటు బాదం, కన్నడంలో కాడు బాదామి. నూనె తీసే బాదం వేరు. అది చల్లని ప్రాంతాల పంట. మన దేశంలో కాశ్మీరులో పండుతుంది. అంగళ్లకు వచ్చే పప్పులో ఎక్కువ భాగం అమెరికాలోని కాలిఫోర్నియాది. ఈ బాదంలోనూ తీపి, చేదు అని రెండు రకాలు. చేదు బాదం నమిలితే సైనైడ్ విషం పుడుతుంది. అందుకే ఇంట్లో వాడేది తీపి బాదం నూనె మాత్రమే.

మన వైద్యానికి బాదం కొత్త కాదు. చరక సంహితలో వాతామం పేరుతో కనిపిస్తుంది. యునానీ వైద్యంలో దీని నూనెను రోగన్ బాదం షిరీన్ అంటారు. షిరీన్ అంటే తీపి. 1906లో ఢిల్లీలో మొదలైన హమ్‌దర్ద్ సంస్థ ఈ పేరుతోనే అమ్ముతుంది. పొడి దగ్గుకు, మలబద్ధకానికి రాత్రి గోరువెచ్చని పాలలో ఒక చెంచా, నిద్ర పట్టకపోతే తలకు మర్దన, ముఖం పొడిబారితే పైపూత అని హకీములు చెప్పేవారు. బెంగళూరు పేటలోని గ్రంథిగె అంగళ్లలో ఇది చిన్న సీసాల్లో దొరికేది.

మన ఇళ్లలో మాత్రం రోజూ వాడింది ఆముదం, నువ్వుల నూనె, కొబ్బరి నూనె. రాగి చేల గట్ల మీద ఆముదపు చెట్లు ఉండేవి. గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడికిస్తే పైకి తేలేది వంటాముదం. చంటిబిడ్డ మాడుకు అదే. దీపావళికి, ఉగాదికి ఒంటికి నువ్వుల నూనె, తర్వాత సున్నిపిండి, తలకు సీకాయ. కాబట్టి బాదం నూనె లేదని ఏ ఇల్లూ వెలితి పడక్కర్లేదు.

మరి బాదం నూనె గొప్ప ఏమిటి? అందులో మూడింట రెండు వంతుల దాకా ఓలీయిక్ ఆమ్లం, దానికి తోడు లినోలీయిక్ ఆమ్లం, ఇ విటమిన్ ఉంటాయి. జిడ్డు తక్కువ, వాసన తక్కువ. ఆముదంలా బంకగా ఉండదు, చలికి కొబ్బరి నూనెలా గడ్డకట్టదు. స్నానం చేసి ఒళ్లు కొంచెం తడిగా ఉండగానే నాలుగు చుక్కలు రాస్తే చర్మంలోని తడి ఆరిపోకుండా ఆపుతుంది. పెదవులకు, మడమలకు, మోచేతులకు మంచిది. జుట్టుకు రాస్తే చిక్కు తగ్గుతుంది, మెరుపు వస్తుంది. కొత్త జుట్టు మొలిపిస్తుందని, రంగు తెల్లబరుస్తుందని, కాన్పు చారలు మాపేస్తుందని గట్టిగా చెప్పే రుజువులు లేవు.

ఇక సీసా సంగతి. అంగట్లో మూడు రకాలు ఉంటాయి. ఒకటి తలనూనె. ఇది సౌందర్య సామగ్రి కింద వస్తుంది, తాగేది కాదు. రెండోది ఆయుర్వేద లేదా యునానీ మందు. దాని మీద మందుల లైసెన్సు నంబరు ఉంటుంది. మూడోది తినే నూనె. దాని మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తు, 14 అంకెల నంబరు ఉంటాయి. తలనూనె పట్టికలో ఒక శాతం మించిన సరుకులను ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలని నిబంధన. మొదట మినరల్ ఆయిల్ అనో, లిక్విడ్ పారఫిన్ అనో ఉంటే సీసాలో ఎక్కువ భాగం అదే. అది తలకు రాసుకుంటే తప్పేమీ లేదు. కానీ దాన్ని బాదం నూనె అనుకుని పాలలో కలపకూడదు.

లెక్క కూడా సులువే. బాదం పప్పు బరువులో నూనె సుమారు సగం. కిలో పప్పు గానుగాడిస్తే అరకిలో కూడా రాదు. పప్పు ధర రెట్టింపు చేసి చూసుకోండి. పెద్ద సీసా మరీ చవగ్గా వస్తే అది అచ్చమైన నూనె కాదని అర్థమవుతుంది.

చివరిగా అవ్వ అడిగిన మాట. పసిబిడ్డ ముక్కులో ఏ నూనే వేయకూడదు. ఆముదమైనా, అచ్చమైన బాదం నూనె అయినా అంతే. చెవిలోనూ వద్దు. ఏడుస్తున్న బిడ్డకు బలవంతంగా పట్టడమూ వద్దు. చుక్క నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే లిపాయిడ్ న్యుమోనియా అనే జబ్బు చేస్తుంది. అది ఆసుపత్రి పాలు చేసే జబ్బు. జలుబు తగ్గకపోతే, బిడ్డ పాలు తాగకపోతే, ఎగశ్వాస పీలుస్తుంటే వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఒంటికి రాసేముందు కూడా చేతి మీద ఒక చుక్క రాసి ఒక రోజు చూడాలి. బాదం పడని బిడ్డలు ఉంటారు. దద్దుర్లు వస్తే ఆపేయాలి.

అవ్వ కాసేపు ఊరుకుంది. "మా అత్త మా పిల్లలందరికీ వేసింది, ఏమీ కాలేదే" అంది. నిజమే, చాలామందికి ఏమీ కాలేదు. అయిన బిడ్డల సంగతి ఆ రోజుల్లో ఎవరూ నూనె ఖాతాలో రాయలేదు, అంతే. "సరే, ముక్కుకు వద్దులే, కాళ్లకు రాస్తా" అని అవ్వ సీసా కోడలి చేతికిచ్చింది.

మన పెద్దల చేతి మర్దన, గోరువెచ్చని నీళ్లు, సున్నిపిండి వదులుకోవాల్సినవి కావు. ముక్కులో చుక్క మాత్రం వదిలేద్దాం. సీసాల మీద రాసింది మన తెలుగులో ఉండదు, అక్షరాలూ చిన్నవే. చదవడం కష్టమైతే సమావేశానికి వచ్చేటప్పుడు సీసా తెచ్చుకోండి. కలిసి చదువుదాం.