పొడుగాటి ఇంటికి ఒక్క వైఫై బాక్సు చాలదు

మన పెద్దలు కట్టిన పాత ఇళ్లలో చాలావాటికి గోడలు మందం, లోపలికి పొడవు ఎక్కువ. ఫైబర్ వాళ్లు వచ్చి ముందు గదిలో రౌటరు బిగించి వెళ్లిపోతారు. వంటింటి దాకా వచ్చేసరికి సిగ్నల్ సన్నగిల్లుతుంది, మేడ మీద సంగతి చెప్పనక్కర్లేదు. బడిలో తెలుగు లేని ఊళ్లలో పిల్లలకు ఆన్‌లైన్ తెలుగు క్లాసే ఆధారం. నాలుగుసార్లు బొమ్మ ఆగిపోతే ఐదోసారి పిల్లవాడు కూర్చోడు.

దుకాణంలో అడిగితే రిపీటర్ ఇస్తారు. అది గాలిలో వచ్చిన సిగ్నల్‌ను అందుకుని మళ్లీ గాలిలోకే వదులుతుంది. ఒకే బ్యాండు మీద రెండు పనులూ చేస్తే వేగం దాదాపు సగానికి పడిపోతుంది. అద్దె ఇల్లయితే సరే గానీ, సొంత ఇంట్లో వైరు లాగి చివర యాక్సెస్ పాయింట్ పెట్టుకోవడమే మేలు. మూలన పడి ఉన్న పాత రౌటరైనా ఈ పనికి సరిపోతుంది.

వైరు క్యాట్ 6 రకం, అసలు రాగిది అడగండి. రాగి పూత పూసిన అల్యూమినియం వైరు చవకే కానీ గోడలోకి ఒకసారి వెళ్లాక మార్చడం తలనొప్పి. ఒక్కో వైరు 100 మీటర్లు దాటకూడదు. కరెంటు వైర్లు ఉన్న పైపులో దీన్ని దూర్చవద్దు. లోపలి ఎనిమిది తీగలనూ కనెక్టర్‌లో బిగించమని చెప్పండి, నాలుగే కలిపితే వేగం 100 ఎంబీపీఎస్ దాటదు.

ఇక అందరూ చిక్కుకునే చోటు సెట్టింగులు. ఇంట్లో ప్రతి ఫోనుకూ, టీవీకీ ఒక ఐపీ నంబరు కావాలి. వాటిని పంచే పని పేరు డీహెచ్‌సీపీ. పంచేది ఒక్క ముందు గది రౌటరే కావాలి. రెండోది కూడా పంచడం మొదలుపెడితే వైఫై గీతలు నిండుగా కనిపిస్తాయి, ఇంటర్నెట్ మాత్రం రాదు. పైగా ఒక ఫోనులో వచ్చి ఇంకో ఫోనులో రాదు. అప్పుడు అందరూ ఇంటర్నెట్ కంపెనీని తిడతారు.

అందుకే పాత రౌటరును మెయిన్ వైరుకు కలపకముందే కంప్యూటరుకు తగిలించి సెట్టింగులు తెరవండి. అందులో యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటే అది ఎంచుకుంటే చాలు. లేకపోతే, మెయిన్ రౌటరు చిరునామా 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇచ్చి, డీహెచ్‌సీపీ ఆపేయండి. మూడో పెట్టె ఉంటే దానికి 192.168.1.3. మెయిన్ రౌటరు పంచే నంబర్లు 100 నుంచి మొదలయ్యేలా పెడితే ఇవి ఢీకొనవు. తర్వాత వైరును ల్యాన్ పోర్టులోనే గుచ్చాలి. మోడ్ మార్చని రౌటరుకు వ్యాన్ పోర్టులో గుచ్చితే ఇంటర్నెట్ వస్తుంది గానీ అది వేరు కాపురం పెట్టేస్తుంది. మేడ మీది ఫోనులోని ఫొటోను కింది టీవీలో చూపించబోతే టీవీ కనిపించదు.

వైఫై పేరు, పాస్‌వర్డ్, సెక్యూరిటీ రకం అన్నిటికీ ఒకటే ఇవ్వండి. కొందరు 'మేడ', 'వంటిల్లు' అని పేర్లు పెడతారు. అమ్మమ్మ గది మారినప్పుడల్లా ఫోను పట్టుకుని ఎవరినో ఒకరిని పిలవాల్సి వస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో ఛానళ్లు మాత్రం వేరువేరుగా 1, 6, 11 ఇవ్వాలి, లేకపోతే పక్కపక్క పెట్టెలు ఒకదాని మీద ఒకటి మాట్లాడుకుంటాయి. 5 గిగాహెర్ట్జ్ వేగమైనదే, కానీ మన మందపాటి గోడల ముందు త్వరగా ఓడిపోతుంది. అందుకే పెట్టెను వరండా మూలలో దాచకుండా ఫోను వాడే గదిలోనే పెట్టండి.

అంతా అయ్యాక బంధువుల్లో ఎవరికైనా వీడియో కాల్ చేసి, మాట్లాడుతూ వీధి గుమ్మం నుంచి పెరటి దాకా నడవండి. మధ్యలో ఒక క్షణం బొమ్మ ఆగినా పరవాలేదు. పెరట్లోకి వచ్చాక కూడా ఫోను ముందు గది సిగ్నల్‌నే పట్టుకుని వేలాడుతుంటే, ముందు రౌటరు సెట్టింగుల్లో ట్రాన్స్‌మిట్ పవర్ ఒక మెట్టు తగ్గించి మళ్లీ నడిచి చూడండి.