పసుపుపచ్చ చొక్కా

సైకిలు మన వీధులలో పాలవానికిని, తపాలా బంట్రోతునకును జీవనాధారము. ఐరోపాఖండమున పందెగాండ్ర కుటుంబములు సైతము దానిపై జీవించుచున్నవి. ఫ్రాన్సు దేశమున సాధారణముగ జూలై మాసమున మూడు వారములు జరుగు గొప్ప పందెమునకు టూర్ ద ఫ్రాన్స్ అని పేరు. కొండలెక్కి దిగుచు 3,000 కిలోమీటర్లకు మించి తొక్కవలెను. దినదినమును కాలము కూడి లెక్కించి, అందఱికన్న తక్కువ కాలము పట్టినవానికి పసుపుపచ్చ చొక్కా తొడిగింతురు. ఆ చొక్కాకై ఒక డేనుదేశీయుడు చేసిన పనియు, పిమ్మట దానికి పట్టిన గతియు మన సోదరీమణులు వినదగినవి.

బ్యార్నె రీస్ 1964 ఏప్రిల్ 3వ తేదీన డెన్మార్కులోని హెర్నింగ్ పట్టణమున జన్మించెను. ఆ దేశమున కొండ యనదగినది లేదు. ఎల్ల చోట్లకంటె ఎత్తైన ప్రదేశమును 200 మీటర్లకు లోపే. అట్టివాడు 1986లో వృత్తిపందెములలో ప్రవేశించి, ఫ్రెంచి వీరుడగు లోరాఁ ఫిన్యోఁ కొలువున కుదిరెను. ఈ పందెములలో నాయకునికి ముందు సాగి ఎదురుగాలిని తాను భరించుట, నీళ్లసీసాలు తెచ్చియిచ్చుట అనుచరుల పని. పొద్దంతయు శ్రమించినను జయపత్రికలో వారి పేరుండదు. ఇట్టి కొలువెట్టిదో గృహిణులకు వేఱుగ చెప్పనక్కఱలేదు గదా! 1989లో ఫిన్యోఁ ఇటలీ పందెమును గెలిచెను. ఫ్రాన్సు పందెమును మాత్రము 8 సెకండ్లలో పోగొట్టుకొనెను. రెండింటను రీస్ అతని వెంట నుండెను.

1993లో రీసునకు ఫ్రాన్సున అయిదవ స్థానము, 1995లో మూడవ స్థానము లభించెను. 1996లో జర్మనీవారి టెలికోం జట్టున ప్రధానుడయ్యెను. అంతకుముందు వరుసగా అయిదేండ్లు గెలిచిన స్పెయిన్ వీరుడు మిగెల్ ఇందురాయిన్ ఆఱవ జయమునకై వచ్చియుండెను. పిరనీసు పర్వతములలోని ఓతకామ్ కొండపై రీస్ ఒకతూరి వేగము తగ్గించి, వెనుకకు జరిగి, ప్రత్యర్థుల ముఖము లొక్కొక్కటిగ పరికించి, వారి అలసట గ్రహించి, ఒక్కపెట్టున ముందునకు దూకెను. ఎవరును అందుకొనజాలకపోయిరి. మఱునాడు పందెపుదారి ఇందురాయిన్ స్వగ్రామము మీదుగనే పోయెను. ఓడిన వీరుడు తనవారి కన్నులయెదుట సాగిపోవలసి వచ్చెను. రీస్ తన జట్టువాడే యగు యాన్ ఉల్రిక్ కంటె 1 నిమిషము 41 సెకండ్ల ముందుగ గెలిచి, ఆ పందెమున జయించిన మొదటి డేనుదేశీయుడయ్యెను. చిన్న దేశము పొంగిపోయెను.

ఇక కథలోని చేదు. మన శరీరమున మూత్రపిండములు ఎరిత్రోపోయిటిన్ అను పదార్థమును స్వల్పముగ పుట్టించును. అది ఎముకలలోని మూలుగను ప్రేరేపించి ఎఱ్ఱకణములను వృద్ధిచేయును. ప్రాణవాయువును కండరములకు మోయునవి ఆ కణములే. మూత్రపిండములు చెడి రక్తహీనత కలిగినవారికై వైద్యులు దీనిని కృత్రిమముగ చేసిరి. రోగికి సంజీవని యగు ఈ మందు ఆరోగ్యవంతుని కెక్కించినచో కొండయెక్కుటలో ఆయాసము తగ్గును. కాని రక్తము చిక్కనై గుండెకును మెదడునకును అపాయము వాటిల్లవచ్చును. ఆ నాళ్లలో దీనిని పట్టు పరీక్షయే లేదు. పురుషుల రక్తమున కణముల పాలు సాధారణముగ నూటికి 45 ప్రాంతము. 50కి మించినవారిని నిలిపివేయు నియమము 1997లో గాని రాలేదు. రీసునకు పందెగాండ్రు పెట్టిన పరిహాసనామము ‘60 శాతము దొర’.

1999లో గాయపడి పందెములు మానిన రీస్, డేనిష్ జట్టొకదానికి యజమానియు నిర్వాహకుడును అయ్యెను. రథికుడు సారథియైనట్లు, మోటారులో వెంబడించుచు రేడియోద్వారా ఉపాయములు చెప్పువాడు. పూర్వసైనికుని రప్పించి తన జట్టువారిని అడవులలో ఆకలినిద్రలకు ఓర్పించి ఐకమత్యము నేర్పించెను. అతని జట్టువాడగు కార్లోస్ సాస్త్రే 2008లో ఫ్రాన్సు పందెమును గెలిచెను.

అంతకు ముందేడు, 2007 మే 25న, పాత టెలికోం జట్టువారు ఒక్కొక్కరే నిజము వెల్లడించుచుండగా, రీస్ పత్రికలవారిని పిలిచి, తాను 1993 మొదలు 1998 వఱకు నిషిద్ధౌషధములు వాడితినని ఒప్పుకొనెను. పసుపుపచ్చ చొక్కా ఇంట అట్టపెట్టెలో నున్నదనియు, కావలసినవారు వచ్చి కొనిపోవచ్చుననియు చెప్పెను. విచారణకు గడువు దాటిపోయినందున ఎవరును కొనిపోలేదు. పందెపువారు అతని పేరు తీసివేసి, 2008లో ఒక గుర్తుతో మరల చేర్చిరి.

అందఱును చేసిరి గదా యని అతనిని సమర్థించువారు కలరు. నాకిది రుచింపదు. మందు ముట్టక వెనుకబడి, జీతము పోయి, ఇంటికి మరలినవారి పేర్లు ఏ పట్టికలో వెదకవలెను? మఱియు 2015లో డెన్మార్కు నిషిద్ధౌషధ నివారణ సంస్థ ప్రకటించిన నివేదికలో, తన జట్టువారు కొందఱు మందులు వాడుట ఎఱిగియు రీస్ నివారింపలేదని తేల్చిరి. తాను చేసినది ఒకటి, తనను నమ్మివచ్చిన చిన్నవారి విషయమున ఊరకుండుట మఱొకటి. రెండవదే నాకు కష్టతరముగ తోచుచున్నది.

అప్పటికే జట్టును 2013లో ఒలేగ్ తిన్‌కోవ్ అను రష్యా ధనికుని కమ్మియుండెను. 2015లో అతడే రీసును తొలగించెను. 2020లో మఱియొక జట్టుకు నిర్వాహకుడై వచ్చి, ఆ యేటితోనే విరమించెను. పసుపుపచ్చ చొక్కా రెండవసారి డెన్మార్కు చేరినది 2022లో. తెచ్చినవాడు యోనాస్ వింగెగార్డ్. పందెములతోపాటు చేపల కర్మాగారమున కూలిపని చేసినవాడు.