పటానికి చీర కట్టిన చేతులు

రవివర్మ పటాల ప్రసక్తి వస్తే మన విమర్శకులు సాధారణంగా రెండు ప్రశ్నల దగ్గర ఆగిపోతారు. అవి కళా, అంగడి సరుకా? దేవతలకు మనుషుల మొహాలు తగిలించడం మంచికా, చెడుకా? ఆ పటం కొన్నవాళ్ళ ఇంటికి చేరిన తరవాత దానికి ఏం జరిగిందన్నది మూడో ప్రశ్న. సాహిత్యంలో పాఠకుడి పాత్ర గురించి ఇంత చర్చించే మనం ఈ ప్రశ్నని వదిలెయ్యడం విచిత్రమే.

1894లో రవివర్మ బొంబాయిలో పెట్టిన ముద్రణాలయం జర్మన్ యంత్రాలతో, జర్మన్ నిపుణులతో నడిచింది. పద్ధతి లితోగ్రఫీ, అంటే రాతి పలక మీంచి అచ్చు తియ్యడం. ఒక్కొక్క రంగుకీ ఒక్కొక్క రాయి. కాగితం అన్ని రాళ్ళ మీదా ఒత్తుడుపడి వస్తే ఒక లక్ష్మి. వెయ్యి కాగితాలు వేస్తే వెయ్యిమంది లక్ష్ములు, ఒకరికొకరికి వెంట్రుకవాసి తేడా లేకుండా. గుడి గడప తొక్కనివ్వని వాళ్ళ ఇంటి గోడకి కూడా దేవుడి బొమ్మ ఎక్కగలిగింది ఇటువంటి యంత్రాల వల్లనే.

ఈ ఒకే పోలిక బొమ్మల మీద కొందరు సూది పట్టారు. అచ్చులోని చీర ఆకారానికి సరిపోయేట్టు పట్టుగుడ్డ కత్తిరించి దానిమీద నిలిపారు. కొన్నిటికి అంటించారు, కొన్నిటికి కుట్టారు. అంచుకి జరీ, నగలకి పూసలు, చమ్కీలు. మొహం, చేతులు, పాదాలు మాత్రం అచ్చులో ఉన్నట్టే వదిలేశారు. వాటిమీద గుడ్డ పడితే బొమ్మ పోతుందని వాళ్ళకి తెలుసు.

పని చూడ్డానికి తేలిక. గుడ్డలో సూది పోగుల్ని పక్కకి జరిపి దూరుతుంది. తీసేస్తే పోగులు మళ్ళీ దగ్గరవుతాయి. కాగితానికి ఆ గుణం లేదు. పడిన చిల్లు పడినట్టే. కుట్లు దగ్గరదగ్గరగా పడితే తపాలా బిళ్ళ అంచులాగా ఆ గీత వెంటే చిరుగుతుంది. కాబట్టి కాగితం వెనక పల్చని నూలుగుడ్డ అంటించి, దారం లాగే బరువు గుడ్డ మీద పడేట్టు ఎడంగా కుట్టాలి. అంటించే గంజికి పురుగు పడుతుంది. చెక్కగుజ్జుతో చేసిన చౌక కాగితం దానంతటదే పసుపెక్కి పెళుసవుతుంది. పాత అచ్చుల్ని, ఫొటోల్ని, పుస్తకం పుటల్ని గుడ్డలో కలిపి కుట్టే నేటి చిత్రకారులకీ ఇవే బాధలు. కొట్టివేతకి వీల్లేని రచన ఇది. మనలో ఎందరు ఒప్పుకుంటారో!

యాంత్రిక పునరుత్పత్తితో కళాఖండం చుట్టూ ఉండే ప్రభ హరించుకుపోతుందని వాల్టర్ బెంజమిన్ 1936లో ప్రతిపాదించాడు. చీర కట్టిన పటం ఆ వాదానికి ఒక చిక్కు తెచ్చిపెడుతుంది. యంత్రం పోగొట్టిన ఏకైకతని సూది తిరిగి తెచ్చింది. వెయ్యిమంది లక్ష్ముల్లో ఈమె ఒక్కతే ఈ ఆకుపచ్చ పట్టు కట్టుకుంది. అంతమాత్రం చేత దీన్ని ప్రజాకళ అని ఎత్తెయ్యనక్కర్లేదు. పట్టుముక్కలు, జరీ, తీరిక ఉన్న ఇళ్ళు ఏవో మనకు తెలుసు. భక్తిని కాపాడ్డానికే ఈ కుట్టు ఉపయోగపడిందన్నా కాదనలేం. కానీ కొన్న బొమ్మని ఉన్నదున్నట్టుగా తీసుకోకుండా దానిమీద తన చెయ్యి వేసిన మనిషిని ఉత్త వినియోగదారు అనడం తప్పు. శ్రమని గురించి ఇంత రాసే విమర్శ, ఆడవాళ్ళ చేతిపని దగ్గరికి వచ్చేసరికి దాన్ని అలంకరణ అని తేల్చేస్తుంది.

ఇప్పుడు ఈ పటాలు మ్యూజియాల్లోనూ వేలంపాటల్లోనూ కనిపిస్తున్నాయి. చీటీ మీద చిత్రకారుడి పేరుంటుంది, ముద్రణాలయం పేరుంటుంది. కుట్టుకి జరీ, చమ్కీ అన్న సరుకుల పేర్లే తప్ప మనిషి పేరు దాదాపుగా ఉండదు. ముడి ఎక్కడ వేశారో, దారం చాలక రంగు ఎక్కడ మార్చారో పటం వెనకవైపు చూస్తే తెలుస్తుంది. అక్కడ అట్ట బిగించి ఉంటుంది. బాగు చెయ్యడానికి చట్రం విప్పిన వాళ్ళు మాత్రమే దాన్ని చూస్తారు.