ఇంజను మీది అంకెలు

బందరు సముద్రపు గాలికి ఇనుమంటే ఏనాటి పగయో తెలియదు. కిటికీ ఊచ మొదలుకొని గుడిగంట వేలాడే గొలుసు వరకు అది దేనినీ విడిచిపెట్టదు. అటువంటి గాలిలో, మా పెరటి రేకుల పాకలో, ఒక చిన్న కారు 8 సంవత్సరాలపాటు కదలక మెదలక నిలిచి ఉన్నది. అది 1991లో తయారైన మారుతి 800. మా తండ్రిగారు ఉన్నత పాఠశాలలో గణితోపాధ్యాయులుగా ఉన్న కాలంలో, 1996లో, ఒక వైద్యుని వద్ద దానిని కొన్నారు. 2015 వేసవిలో అది ఆగిపోయింది. 2023 వేసవి సెలవులలో దానిని తిరిగి నడిపించవలెనని మూడు తరాల వారమూ పూనుకొన్నాము: మా తండ్రిగారు, నేను, ఇంజనీరింగు చదువుతున్న మా అబ్బాయి. ఆ ప్రయత్నంలో నేర్చుకొన్న సంగతులు తోటి ఉపాధ్యాయులకు, విద్యార్థులకు కొంత ఉపకరించవచ్చునని తోచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

వెనుక తలుపు పైకి లేచే ఈ చిన్న కారు మన దేశంలో మధ్యతరగతివారి ఇంటి ముంగిటికి వచ్చిన చరిత్ర చాలామందికి తెలిసినదే. 1983 డిసెంబరు 14వ తేదీన ఢిల్లీలో నాటి ప్రధానమంత్రి శ్రీమతి ఇందిరాగాంధీ మొదటి కారు తాళపు చెవులను హర్పాల్ సింగ్ అనే విమాన సంస్థ ఉద్యోగికి అందజేశారు. ఆయన 2010లో మరణించేవరకు ఆ కారును విడువలేదు. తరువాత అది ఆయన ఇంటి ముందు ఎండకు ఎండి, వానకు తడిసి తుప్పు పట్టింది. చివరకు దానిని తయారుచేసిన సంస్థవారే బాగుచేసి తమ ప్రధాన కార్యాలయంలో నిలిపారు. 1986లో ఈ కారు ఆకారం మారింది. 2014 జనవరిలో తయారీయే నిలిచిపోయింది. మొత్తం మీద 25 లక్షలకు పైగా మారుతి 800లు తయారైనాయి. మా పాకలోనిది వాటిలో ఒకటి మాత్రమే. కాని మా ఇంటికి అదే మొదటి కారు.

అది ఎందుకు ఆగిపోయినదో చెప్పవలెనంటే నా తప్పొకటి ఒప్పుకోవాలి. మా ప్రాంతపు బోరునీరు ఉప్పన. రేడియేటరులో నీరు తగ్గినప్పుడల్లా ఆ నీటినే పోస్తూ వచ్చినవాడిని నేను. నీరు ఆవిరైపోగా లవణాలు మిగులుతాయని ప్రతి సంవత్సరమూ ఎనిమిదవ తరగతి పిల్లలకు పాఠం చెప్పే నాకు, ఆ పాఠం రేడియేటరుకు కూడా వర్తిస్తుందని తోచలేదు. సన్నని గొట్టాలలో సున్నం వలె పేరుకొన్న లవణాలు నీటి ప్రవాహాన్ని అడ్డగించాయి. ఒక మే నెల మధ్యాహ్నం పామర్రు దారిలో బండి ముందుభాగం నుండి ఆవిరి లేచింది. లారీకి కట్టి ఇంటికి చేర్చాము. మా తండ్రిగారు నన్నేమీ అనలేదు. ఆ మౌనమే 8 ఏండ్లు పాకలో నిలిచి ఉన్నది.

మొదట చేయవలసినది రోగ నిర్ణయం. ఏండ్ల తరబడి తిరగని ఇంజనును వెంటనే సెల్ఫు వేసి తిప్పరాదు. స్పార్కు ప్లగ్గులు తీసి, ఒక్కొక్క రంధ్రంలో కాస్త నూనె పోసి, వారం రోజులు నాననిచ్చి, తరువాత పానాతో మెల్లగా చేతితో తిప్పాము. కదిలింది. అప్పుడు ప్రతి సిలిండరులోని ఒత్తిడిని కొలిచాము. మొదటి దానిలో చదరపు సెంటీమీటరుకు 11 కిలోలు, మూడవ దానిలో 10, నడిమి దానిలో 5 మాత్రమే. ఇక్కడ మెకానిక్కులు చేసే చక్కని పరీక్ష ఒకటి ఉన్నది. ఒత్తిడి తగ్గిన సిలిండరులో చెంచాడు నూనె పోసి మళ్ళీ కొలుస్తారు. ఒత్తిడి పెరిగితే లోపం పిస్టను రింగులలోనో సిలిండరు గోడలోనో ఉన్నట్లు; ఏలననగా నూనె ఆ సందును తాత్కాలికంగా మూస్తుంది. పెరగకపోతే లోపం వాల్వులలో ఉన్నట్లు. మాది 5 నుండి 8కి పెరిగింది.

విప్పి చూడగా నడిమి సిలిండరు గోడపై నిలువునా లోతైన గీతలు పడి ఉన్నాయి. ఉడుకెత్తిన పిస్టను వ్యాకోచించి గోడను ఒరుసుకొన్నది. సాధారణంగా అటువంటి గోడను సన్నగా తొలిచి, కొంచెం పెద్ద పిస్టను వేస్తారు. కాని పాత యజమాని కాలంలోనే ఒకమారు అర మిల్లీమీటరు తొలిచి ఉన్నారు. ఇంకొకమారు తొలవడానికి చోటు లేదు. పై మూత కూడా రెండు వాల్వుల నడుమ చీలింది. లోపల లైనరు వేసి, మూత కొత్తది కొని బాగుచేయవచ్చును గాని, ఆ ఖర్చుకు మంచి పాత ఇంజనే వస్తుంది. కనుక ఇంజను మార్చడమే తగినదని తేలింది.

ఇక్కడ మా తండ్రిగారిలోని గణితోపాధ్యాయుడు మేలుకొన్నారు. విప్పిన సిలిండరును మా అబ్బాయి చేత కొలిపించారు. తయారైననాటి వ్యాసం 68.5 మిల్లీమీటర్లు, పిస్టను ప్రయాణం 72 మిల్లీమీటర్లు. స్తూపపు ఘనపరిమాణం కట్టి మూడింతలు చేస్తే 796 ఘన సెంటీమీటర్లు. "బండి పేరులోని 800 ఎక్కడినుండి వచ్చిందో తెలిసిందా, నాయనా?" అన్నారు. పాఠ్యపుస్తకంలోని స్తూపం అట్లా నల్లని నూనె మరకలతో చేతికి వస్తే ఏ విద్యార్థి మరచిపోగలడు?

అయితే మా అబ్బాయి ఆలోచన వేరు. "తాతగారూ, ఎట్లాగూ ఇంజను మారుస్తున్నాము కదా. ఎస్టీములోని 1298 సీసీ ఇంజను పెడితే? దీని శక్తి 37 గుర్రాలు, దానిది 85!" అన్నాడు. పందెపు బండ్లు తయారుచేసేవారు అటువంటి మార్పిడి చేసిన మాట నిజమే. కాని అది ఒక వస్తువు తీసి మరొకటి పెట్టడం కాదు. మూడు సిలిండర్ల చోట నాలుగు సిలిండర్ల బరువైన ఇంజను కూర్చోవలె. దానిని మోసే దిమ్మలను మార్చి అతకవలె. చక్రాలకు శక్తిని చేర్చే ఇరుసులు, గేరుపెట్టె, రేడియేటరు, పొగగొట్టం, పెట్రోలును కొలిచి చిమ్మే కంప్యూటరు, దాని తీగలు – అన్నీ మారవలె. అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న బ్రేకులది.

మా తండ్రిగారు ఒక కాగితం అడిగారు. చలనశక్తి వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండిని ఆపడానికి బ్రేకులు ఎంత శక్తిని వేడిగా మార్చవలెనో, 100 కిలోమీటర్ల వేగంలో దానికి సుమారు 2.8 రెట్లు మార్చవలె. సుమారు 650 కిలోల బండికి, 12 అంగుళాల చక్రాలకు తగినట్లు చేసిన బ్రేకులు అవి. పైగా మా బండి అడుగురేకు తుప్పు తిన్నది. లెక్క ముగించి ఆయన కాగితాన్ని మనుమని చేతికిచ్చి, "ఆపగలిగినంతవరకే పరుగెత్తించాలి, అబ్బాయీ" అన్నారు.

చట్టం కూడా ఆ మాటే చెప్తుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్ణయించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని గట్టిగా నొక్కి చెప్పింది. అదే నమూనా ఇంజను వేసుకొన్నా, రవాణా అధికారికి తెలిపి కొత్త ఇంజను సంఖ్యను రిజిస్ట్రేషను పత్రంలో నమోదు చేయించుకోవలె. మార్పు జరిగిన 14 రోజులలోగా తెలియజేయవలెనని చట్టంలోనే ఉన్నది. మా అబ్బాయి ముఖం చిన్నబోయింది గాని, కాగితం మీది లెక్కను కాదనలేకపోయాడు.

పాత ఇంజను కోసం బెజవాడ ఆటోనగరు వెళ్ళాము. అక్కడ దొరకని యంత్రభాగం లేదంటారు. అది అతిశయోక్తి కాదు. ఒక దుకాణంలో మాకు కావలసిన 796 సీసీ ఇంజనే కనబడింది. ధర 9,000 రూపాయలు. రసీదు లేదు, ఏ బండినుండి వచ్చినదో చెప్పలేదు. నేను కాగితాలు అడిగితే దుకాణదారు నవ్వి, "మాస్టారూ, ఈ నంబరు గీకించి మీ పాత నంబరే దీనిమీద కొట్టిస్తాను. ఆఫీసు చుట్టూ తిరిగే బాధ తప్పుతుంది. ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు.

నిజం చెప్పవలెనంటే, నేను వెంటనే కాదనలేదు. ఎండ మండిపోతున్నది. సెలవులు అయిపోవస్తున్నాయి. కార్యాలయాల చుట్టూ తిరగడమంటే ఏమిటో నాకు తెలియనిది కాదు. అంకెలు కొట్టించడం నేరమని తెలుసు; దొంగిలించిన బండ్ల ఆచూకీ ఆ అంకెల మీదనే ఆధారపడి ఉన్నదనీ తెలుసు. తెలిసి కూడా ఒక నిమిషం మౌనంగా నిలబడ్డాను. ఆ నిమిషంలో మా అబ్బాయి ఇంజను వైపు చూడలేదు. నా ముఖం వైపే చూస్తున్నాడు. అది గమనించి, "రేపు వస్తాము" అని చెప్పి బయటపడ్డాను. ఆ 'రేపు' అనే మాటలో కూడా పిరికితనం ఉన్నదని దారిలో అనిపించింది.

ఇంటికి వచ్చి జరిగినదంతా తండ్రిగారికి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మార్కుల రిజిస్టరులో నేనూ తప్పులు వేశాను. తప్పు పడితే దానిమీద ఒక గీత గీసి, పక్కన సరియైనది వేసి, సంతకం పెట్టేవాణ్ణి. చెరిపి దానిమీదనే వ్రాయలేదు" అన్నారు. అంతే. తరువాతి వారం మరొక దుకాణంలో, రద్దయిన బండి పత్రపు నకలుతో, రసీదుతో సహా అదే రకం ఇంజను 15,000 రూపాయలకు దొరికింది.

ఈలోగా తుప్పు పని సాగింది. అడుగురేకులో చిల్లులు పడిన భాగాలను కోసి, కొత్త రేకు అతికించడం టింకరు పని. దానిని తెలిసినవారికే అప్పగించాము. చిన్న చిన్న ఇనుప భాగాల తుప్పు మాత్రం మేమే విద్యుద్విశ్లేషణతో వదిలించాము. ప్లాస్టిక్ బకెట్ నీటిలో నాలుగైదు చెంచాల చాకలిసోడా కలిపి, తుప్పు పట్టిన భాగాన్ని బ్యాటరీ చార్జరు ఋణధ్రువానికి, పనికిరాని ఇనుప ముక్కను ధనధ్రువానికి తగిలించి ఒక రాత్రి ఉంచితే, తెల్లవారేసరికి తుప్పు నల్లని మడ్డిగా ఊడివస్తుంది. రెండు హెచ్చరికలు. హైడ్రోజను వాయువు పుడుతుంది గనుక గాలి ఆడే చోటనే, నిప్పుకు దూరంగా చేయవలె. ధనధ్రువానికి స్టెయిన్‌లెస్ స్టీలు వాడరాదు; దానిలోని క్రోమియం విషపదార్థంగా మారి నీటిలో చేరుతుంది.

హెచ్చరికలలో అన్నిటికంటె పెద్దది ఇంకొకటి. ఒక సాయంకాలం మా అబ్బాయి బండి కింద పడుకొని పొగగొట్టం బోల్టులు విప్పుతున్నాడు. తడినేల మీద జాకీ జారింది. బండి ఒక్క అంగుళం దిగి, అంతకుముందే కింద నిలిపిన ఇనుప స్టాండుల మీద ఆగిపోయింది. ఆ స్టాండులు 'ఎందుకులే, ఐదు నిమిషాల పనే కదా' అనుకొన్నవి. మా తండ్రిగారు పట్టుబట్టగా పెట్టినవి. ఒట్టి జాకీని నమ్మి ఎవరూ బండి కిందికి దూరరాదు. ఆ రాత్రి మా ఇంట ఎవరికీ అన్నం సహించలేదు.

ఇంజను దించే ముందు బ్యాటరీ తీగ తీసి, నూనె, నీరు వంచి, ప్రతి తీగకూ గొట్టానికీ చీటీ కట్టాము. గొలుసు కప్పీని పాక దూలానికి కాక, అద్దెకు తెచ్చిన ఇనుప ముక్కాలికి వేలాడదీసి పాతది పైకి లేపాము. కొత్తగా తెచ్చినదానికి బయట ఉండగానే టైమింగు బెల్టు, నీటిపంపు, క్లచ్చిప్లేటు, నూనె కారకుండా ఆపే సీళ్ళు మార్చాము; ఇంజను లోపలికి పోయిన తరువాత ఆ పనులకు చేయి దూరదు. రేడియేటరు మాత్రం కొత్తదే కొన్నాను. అందులో బోరునీరు కాక, బట్టీపట్టిన నీటిలో కూలెంటు కలిపి నా చేతులతోనే పోశాను.

జూన్ మొదటి వారంలో ఒక ఉదయం సెల్ఫు వేశాము. మొదటిసారి దగ్గింది. రెండవసారి అందుకొన్నది. మూడు సిలిండర్లు 1-3-2 వరుసలో మండేటప్పుడు వచ్చే ఆ చిన్న వణుకుగల చప్పుడు విని, వసారాలో కూర్చున్న మా తండ్రిగారు కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు.

కాగితాల పని తేలికగా ముగియలేదు. రవాణా కార్యాలయానికి నాలుగుసార్లు తిరిగాము. బ్రేకు ఇన్‌స్పెక్టరు బండి కిందికి వంగి రెండు అంకెల వరుసలనూ కాగితంతో పోల్చి చూసుకొన్నాడు. కొంతకాలానికి కొత్త కార్డు ఇంటికి వచ్చింది. అందులో కొత్త ఇంజను సంఖ్య ఉన్నది.

బండి కొన్ననాటినుండి పెట్రోలు, కిలోమీటర్లు వ్రాసుకొన్న నోటుపుస్తకం ఒకటి మా తండ్రిగారి వద్ద ఉన్నది. ఆ సాయంకాలం ఆయన దాని మొదటి పుట తెరిచారు. పాత ఇంజను సంఖ్య మీద ఒకే ఒక గీత గీశారు. పాతది ఇంకా చదవడానికి వీలుగానే ఉన్నది. పక్కన కొత్తది వేసి, తేదీ వ్రాసి, సంతకం చేశారు. తరువాత కలాన్ని మా అబ్బాయికి అందించి, "నువ్వు కూడా పెట్టు. పని చేసినవాడివి కదా" అన్నారు. వాడు పెట్టి, పుస్తకాన్ని నా వైపు జరిపాడు.